మూత్రం పోసే అలవాట్లు, పెల్విక్ ఫ్లోర్ ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

దగ్గితే ఒక చుక్క జారడం, తలుపు తాళం తీస్తుండగా ఆగలేకపోవడం, గడప దాటే ముందు ‘ఎందుకైనా మంచిది’ అని ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లి రావడం. ఇలాంటివి చెప్పడానికి చాలామందికి నోరు పెగలదు. నడుం నొప్పి అని వచ్చి, నాలుగోసారి వచ్చినప్పుడు లేవబోతూ ‘ఇంకొక్క మాట...’ అంటారు. ఫిజియోథెరపిస్టుగా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తుంటాను. అలా వినీ వినీ పోగైన ప్రశ్నలు ఇవి.

పెల్విక్ ఫ్లోర్ అంటే ఏమిటి? దానికీ మూత్రానికీ ఏం సంబంధం?

గట్టి కుర్చీలో కూర్చుంటే పిరుదుల కింద రెండు ఎముకలు తగులుతాయి. ఆ రెండూ అటూ ఇటూ, ముందు పొత్తికడుపు కింది ఎముక, వెనక తోకెముక. వీటి మధ్య ఉయ్యాల గుడ్డలా పరుచుకున్న కండరాల పొరే పెల్విక్ ఫ్లోర్. మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, ఆడవాళ్లలో గర్భసంచి దీని ఆసరాతోనే ఉంటాయి. ఇది ఆడవాళ్ల వ్యవహారం అనుకుంటారు గానీ మగవాళ్లకూ ఉంటుంది, వాళ్లలోనూ చెడుతుంది.

మూత్రాశయం నిండుతున్నంతసేపూ దాని గోడ వదులుగా సాగుతూ ఉంటుంది, కింద ఈ పొర బిగువుగా పట్టి ఉంచుతుంది. పోసేటప్పుడు వరస తిరగబడుతుంది. ముందు కింది కండరాలు వదులుతాయి, ఆ వెంటనే మూత్రాశయం తనంతట తాను ముడుచుకుని మూత్రాన్ని బయటికి పంపుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడకుండా మెదడు కాండంలోని ఒక కేంద్రం చూసుకుంటుంది. అంటే పోసేటప్పుడు మన వంతు పని వదలడం ఒక్కటే. తోయడం మన పని కాదు. కింద చెప్పబోయే అలవాట్లలో సగం ఈ ఒక్క విషయం తెలియక వచ్చినవే.

రోజుకి ఎన్నిసార్లు వెళ్తే మామూలు?

మెలకువగా ఉన్న సమయంలో ఆరు నుంచి ఎనిమిది సార్లు, రాత్రి నిద్రలో లేస్తే ఒకసారి. రెండు వెళ్లడాల మధ్య సుమారు 2 నుంచి 4 గంటలు. పెద్దవాళ్ల మూత్రాశయం 400 నుంచి 600 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. 300, 400 దగ్గర ‘ఇక వెళ్దాం’ అనిపించడం సహజం.

అయితే సార్లు లెక్కపెట్టడం కంటే ప్రతిసారీ ఎంత వస్తోందో చూడటం ముఖ్యం. ఇద్దరు మనుషులు రోజుకి పన్నెండేసి సార్లు వెళ్తున్నారనుకోండి. ఒకరికి ప్రతిసారీ 100 మిల్లీలీటర్లే వస్తుంటే మూత్రాశయం తొందరపడుతోందని, లేదా పూర్తిగా ఖాళీ కావడం లేదని అనుమానించాలి. రెండోవారికి ప్రతిసారీ 300 వస్తుంటే రోజుకి 3.6 లీటర్లు. అక్కడ పెల్విక్ ఫ్లోర్‌ని అనుమానించే ముందు నీళ్లెన్ని తాగుతున్నారో అడగాలి, షుగర్ పరీక్ష చేయించాలి.

బయల్దేరే ముందు ‘ఎందుకైనా మంచిది’ అని వెళ్లడం తప్పా?

దూర ప్రయాణం ముందు, పడుకోబోయే ముందు వెళ్తే తప్పేమీ లేదు. కానీ కొందరు దుకాణానికి వెళ్లే ముందు ఒకసారి, మీటింగ్ ముందు ఒకసారి, బాత్రూమ్ కనబడింది కదా అని ఇంకోసారి వెళ్తుంటారు. చిక్కంతా దాంతోనే.

మూత్రాశయంలో 150, 200 మిల్లీలీటర్లు చేరగానే మెదడుకి మొదటి కబురు వెళ్తుంది. అది ‘ఇంకా టైముంది, గుర్తుపెట్టుకో’ అని చెప్పే కబురే. ఆరోగ్యంగా ఉన్న మెదడు సరేనని పక్కన పెట్టేస్తుంది. ఆ మొదటి కబురుకే రోజూ లేచి వెళ్తుంటే, నిండకముందే ఖాళీ చేయించుకోవడం మూత్రాశయానికి అలవాటైపోతుంది. మునుపు మూడు గంటలు ఆగినవారు గంటన్నరకే కదిలిపోతారు, తర్వాత ముప్పావుగంటకే. బయటికి వెళ్లాలంటే ముందు బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కునే స్థితికి వస్తారు. అలవాటు జాగ్రత్త కోసం మొదలైందే, చివరికి అదే గొలుసై కూర్చుంటుంది.

వెనక్కి మళ్లించడం సాధ్యమే. ఇప్పుడు గంటకోసారి వెళ్తుంటే గంటా పది నిమిషాలు ఆగండి. అది తేలికయ్యాక ఇంకో పది. ఇలా పెంచుకుంటూ మూడు గంటలకు చేరాలి. కనీసం ఆరు వారాలు పడుతుంది. మొదటి పది రోజులు ఏ మార్పూ కనబడదు, అక్కడే చాలామంది వదిలేస్తారు.

రోజంతా బాగానే ఉంటాను, ఇంటి తాళం తీసేటప్పుడు మాత్రం ఆగదు. ఎందుకు?

దీన్ని ఎవరు చెప్పినా కాస్త సిగ్గుపడుతూ, తమకొక్కరికే ఉన్న వింత అన్నట్టు చెబుతారు. నిజానికి దీనికి వైద్యంలో ప్రత్యేకంగా పేరే ఉంది, అది కూడా తాళంచెవి పేరు మీదే. ఇంటికి రాగానే బాత్రూమ్‌కి పరుగెత్తడం ఏళ్ల తరబడి చేస్తే, తాళంచెవి చేతికి తగలడమే మూత్రాశయానికి గంట కొట్టినట్టు అవుతుంది. కుళాయి చప్పుడు, చేతుల మీద చన్నీళ్లు కూడా ఇలాగే పనిచేస్తాయి.

పరుగెత్తడం మాత్రం వద్దు. పరుగెత్తితే కడుపులో ఒత్తిడి పెరుగుతుంది, కింద పట్టు సడలుతుంది, తలుపుకీ బాత్రూమ్‌కీ మధ్యలోనే ప్రమాదం జరుగుతుంది. ఎక్కడున్నారో అక్కడే ఆగండి. వీలుంటే కూర్చోండి. కింది కండరాన్ని చకచకా ఐదారుసార్లు బిగించి వదలండి. కింద కండరం బిగిసినప్పుడల్లా ‘ఇప్పుడు కాదు’ అనే సంకేతం వెన్నుపాము మీదుగా మూత్రాశయానికి వెళ్లి దాని ముడుచుకోవడాన్ని ఆపుతుంది. తొందర అనేది అలలాంటిది. లేస్తుంది, పైకొస్తుంది, తగ్గుతుంది. తగ్గాక నడుచుకుంటూ వెళ్లండి. అల పైనున్నప్పుడు పరుగెత్తారంటే ఆ అలవాటు ముదరడానికి ఇంకో రోజు ఇచ్చినట్టే.

దగ్గినా తుమ్మినా కొంచెం జారుతుంది. ఇది కూడా అదేనా?

కాదు, ఇది వేరు. పై ప్రశ్నలో తప్పు మూత్రాశయానిది, ముందుగా తొందర వచ్చి తర్వాత లీక్ అవుతుంది. ఇక్కడ తొందరేమీ ఉండదు. దగ్గు, తుమ్ము, నవ్వు, బరువెత్తడం వీటిలో పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయాన్ని నొక్కుతుంది, కింద మూత్రనాళానికి ఆసరా ఆ వేగానికి తట్టుకోలేదు. డాక్టర్లు దీన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఆ స్ట్రెస్ మనసుది కాదు. ఈ పేరు విని ‘నాకు టెన్షన్లేమీ లేవండీ’ అని వాదించినవాళ్లు ఉన్నారు. రెండు రకాలూ కలిసి ఉన్నవారూ చాలామందే.

దీనికి చిన్న కిటుకుంది. దగ్గు వస్తోందని తెలిసిన ఆ అరక్షణంలో, దగ్గుకి ముందే కింది కండరాన్ని బిగించాలి. దగ్గు అయిపోయేదాకా పట్టి ఉంచాలి. కొద్దిపాటి లీక్ ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లకు ఇది నేర్పితే ఒక్క వారంలోనే లీక్ బాగా తగ్గిందని 1998లో అమెరికాలో చేసిన అధ్యయనం చూపింది. వారంలో ఎవరి కండరాలూ బలపడవు. అంటే వాళ్లలో బలం అంతకుముందే ఉంది, సమయానికి అందడం లేదంతే.

బయట కమోడ్ మీద కూర్చోలేక గాల్లోనే సగం వంగి పోస్తాను. ఇబ్బందా?

ఒకసారి ఆ భంగిమలో ఉండి మీ తొడ మీద చెయ్యి వేసుకుని చూడండి. రాయిలా ఉంటుంది. పిరుదులు బిగిసి ఉంటాయి, పొట్ట కూడా బిగిసే ఉంటుంది. చుట్టూ ఇంత బిగువు పెట్టుకుని మధ్యలో కింది పొర ఒక్కటే వదలాలంటే అది వినదు. 1991లో బ్రిటన్‌లో ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఇలా గాల్లో వంగి పోసినప్పుడు కూర్చుని పోసినదానితో పోలిస్తే ధార వేగం సగటున 21 శాతం తగ్గింది. లోపల మిగిలిపోయిన మూత్రం 149 శాతం పెరిగింది. అలా మిగిలిపోతుంటే కాసేపటికే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది, ఇన్‌ఫెక్షన్లకూ అవకాశం పెరుగుతుంది.

ఎప్పుడో ఒకసారి అయితే పట్టించుకోకండి. రోజూ ఆఫీసులో ఇదే పద్ధతైతే మార్చుకోవాలి. సీటు తుడిచి, కావాలంటే పైన టిష్యూ పరిచి, పూర్తి బరువు వేసి కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి, మోచేతులు మోకాళ్ల మీద ఆనితే ఇంకా మంచిది. పూర్తిగా గొంతుకు కూర్చుని పోసినా ఫర్వాలేదు, ఇబ్బందల్లా ఆ సగం భంగిమతోనే. చిన్నపిల్లలకు కాళ్లు వేలాడుతుంటే కింద పీట వేయండి. కాళ్లు గాల్లో ఊగుతుంటే పడిపోతామేమోనని కింద బిగించే ఉంచుకుంటారు.

తొందరగా అవ్వాలని ముక్కి పోస్తాను. దానివల్ల ఏమవుతుంది?

పొట్టతో తోస్తే ఆ ఒత్తిడి మూత్రాశయం మీద మాత్రమే పడదు, ఉయ్యాల గుడ్డ మొత్తం మీద పడుతుంది. ఏళ్ల తరబడి రోజుకి ఏడెనిమిదిసార్లు అలా నెడుతుంటే అది సాగుతుంది. అప్పటికే గర్భసంచో మూత్రాశయమో కాస్త జారి ఉంటే ఇంకా జారుతుంది. పైగా కొందరిలో తోసేకొద్దీ కింది కండరం ఎదురు బిగుస్తుంది, తలుపు గడియ వేసుకుని తలుపునే తోసినట్టు.

తొందర కోసం ముక్కేవాళ్లు మానేస్తే సరిపోతుంది. ముక్కితే తప్ప ధార మొదలే కాని వాళ్ల సంగతి వేరు. మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరగడం, ఆడవాళ్లలో అవయవాలు జారడం, ఇద్దరిలోనూ కింది కండరం వదలకపోవడం, నరాల సమస్యలు, కొన్ని మందులు ఇవన్నీ కారణాలే. ఇంట్లో ఊహించుకోవడం కంటే పరీక్ష చేయించుకోవాలి.

ఎంతసేపు పట్టాలి అంటారా? అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు జంతుప్రదర్శనశాలలో రకరకాల జంతువులను గమనించి, మూడు కిలోలు దాటిన క్షీరదాలన్నీ, మేక నుంచి ఏనుగు దాకా, సగటున 21 సెకన్లలోనే మూత్రాశయాన్ని ఖాళీ చేస్తాయని 2014లో ప్రచురించారు. మరుసటి ఏడాది వాళ్లకు ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది) కూడా వచ్చింది. ఆ సగటుకి అటూ ఇటూ 13 సెకన్ల తేడా ఉంది కాబట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని కంగారుపడనక్కర్లేదు. కానీ ఐదు సెకన్లకే అయిపోతుంటే నిండకముందే వెళ్తున్నారేమో, నిమిషం దాటినా చుక్కలు చుక్కలుగా వస్తుంటే ఎక్కడో అడ్డు ఉందేమో ఆలోచించండి.

ధార మధ్యలో ఆపి మళ్లీ వదలడం మంచి వ్యాయామం అంటారు. నిజమేనా?

కండరం ఎక్కడుందో గుర్తుపట్టడానికి ఒక్కసారి చేసి చూడొచ్చు. రోజూ వ్యాయామంలా చేయొద్దు. మూత్రాశయం ముడుచుకుంటున్నప్పుడు కింద మూసేస్తే, వరస తప్పకుండా చేసే పనిలో కావాలని గందరగోళం నేర్పినట్టే.

లీక్ అవుతోంది కదా, వెంటనే కెగెల్ వ్యాయామాలు మొదలుపెట్టనా?

అందరూ ఇదే అడుగుతారు. ‘మొదలుపెట్టండి’ అని గుడ్డిగా చెప్పడం నాకిష్టం లేదు.

ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948లో పెల్విక్ ఫ్లోర్‌ని బిగించి వదిలే ఈ వ్యాయామాల గురించి రాశాడు. బలహీనమైన కండరానికి ఇవి నిజంగానే మంచి వైద్యం. అయితే ఆయన బిగించమని నోటితో చెప్పి ఊరుకోలేదు. ఎంత బిగుస్తోందో కొలవడానికి ఒక పరికరం కూడా తయారుచేశాడు. మన చేతికొచ్చేసరికి కొలత పోయింది, ‘బిగించు’ ఒక్కటే మిగిలింది.

లీక్ అయిందంటే కండరం వదులైందనే అనుకుంటాం. ఒకసారి పిడికిలి గట్టిగా బిగించి అలాగే ఐదు నిమిషాలు ఉంచండి, తర్వాత ఆ చేత్తోనే బకెట్ ఎత్తండి. వేళ్లు పట్టు తప్పుతాయి. రోజంతా తెలియకుండా బిగిసి ఉండే పెల్విక్ ఫ్లోర్ కూడా అంతే. బిగువుగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు. దగ్గు వచ్చినప్పుడు బిగించడానికి దానిదగ్గర ఇంకేమీ మిగలదు. అలాంటివాళ్లు వందలసార్లు కెగెల్ చేస్తే తగ్గకపోగా పెరుగుతుంది.

బిగువు మనిషిని మూత్రం అలవాట్లే పట్టిస్తాయి. కూర్చున్నాక ధార మొదలవడానికి అరనిమిషం పడుతుంది. మొదలై ఆగుతుంది, మళ్లీ వస్తుంది. లేచాక ఇంకా మిగిలినట్టే ఉంటుంది. మంటగా ఉందని యూరిన్ పరీక్ష చేయిస్తే ఏ ఇన్‌ఫెక్షనూ ఉండదు. పక్కన మనిషుంటే అసలు రాదు. వీటితో పాటు మలబద్ధకం, కలయికలో నొప్పి, తోకెముక దగ్గర నొప్పి కూడా ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

వీళ్లు ముందు వదలడం నేర్చుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యి వేసుకోండి. ముక్కుతో గాలి పీల్చినప్పుడు చెయ్యి పైకి లేవాలి, అదే సమయంలో కింది భాగం మెత్తగా కిందికి దిగుతున్నట్టు తెలియాలి. తోయకూడదు, దిగనివ్వాలి. రోజుకి ఐదు నిమిషాలు చాలు. బాత్రూమ్‌లో కూర్చున్నప్పుడు కూడా ఇదే శ్వాస.

పరీక్షలో నిజంగా బలహీనమని తేలితే అప్పుడు కెగెల్. గ్యాస్ బయటికి రాకుండా ఆపుతున్నట్టు వెనకనుంచి ముందుకు బిగించి పైకి లాగాలి. ఊపిరి బిగపట్టకూడదు, పిరుదులు, తొడలు కదలకూడదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ (NICE) సంస్థ ప్రకారం ఒక్కో విడతకు కనీసం 8 సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. బిగించినంతసేపూ వదలడానికి కూడా సమయం ఇవ్వండి. సగం వదిలి మళ్లీ బిగించేవాళ్లే ఎక్కువ.

పోయడం అయిపోయి బట్టలు సర్దుకున్నాక నాలుగు చుక్కలు పడతాయి. ఏం చేయాలి?

మగవాళ్లలో మూత్రనాళం వృషణాల వెనక ఒక వంపు తిరుగుతుంది. అక్కడ కాస్త మూత్రం నిలిచి, నడవగానే బయటికొస్తుంది. దాన్ని చివర్లో బయటికి నెట్టాల్సిన కండరం కూడా పెల్విక్ ఫ్లోర్‌లోదే, అది మందగించిందన్నమాట. అయిపోయాక కింది కండరాన్ని ఒకసారి గట్టిగా బిగించండి, వృషణాల వెనక వేళ్లతో నొక్కి మెల్లగా ముందుకు నిమరండి. చిట్కా మొరటుగా అనిపించినా పనిచేస్తుంది.

ఆడవాళ్లు మోకాళ్లు దూరంగా పెట్టి కాస్త ముందుకు వంగి కూర్చోవాలి. అయిపోయిందనిపించాక ఒకసారి లేచి నిలబడి, మళ్లీ కూర్చుని అరనిమిషం ఆగితే మిగిలింది వస్తుంది.

మగవాళ్లు కూర్చుని పోస్తే మంచిదా?

ఇబ్బందేమీ లేని మగవాళ్లలో నిలబడినా కూర్చున్నా పెద్ద తేడా లేదు. ప్రోస్టేట్ లక్షణాలున్నవాళ్లలో కూర్చుంటే మూత్రాశయం మెరుగ్గా ఖాళీ అవుతుందని 2014లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. ఆ రెండో కోవలో ఉంటే కూర్చోండి.

రాత్రి మూడుసార్లు లేస్తున్నాను. ఇదీ పెల్విక్ ఫ్లోర్ సమస్యేనా?

చాలాసార్లు కాదు. పగలు కాళ్లలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా మారొచ్చు. గురకతో శ్వాస ఆగే స్లీప్ ఆప్నియా, షుగర్, ప్రోస్టేట్, రాత్రి ఆలస్యంగా తాగే కాఫీ కూడా లేపుతాయి. ముందు ఒకటి గమనించండి. మూత్రం వస్తోందని మెలకువ వస్తోందా, మెలకువ వచ్చింది కాబట్టి వెళ్తున్నారా? రెండోదైతే వైద్యం చేయాల్సింది నిద్రకి.

నీళ్లు తగ్గిస్తే సరిపోదా?

సరిపోదు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలబద్ధకం వస్తుంది, దానికోసం ముక్కాల్సి వస్తుంది. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, మద్యం తగ్గించి చూడండి.

కాన్పు తర్వాత ఇంతే, వయసు మీదపడితే ఇంతే అంటారు. నిజమా?

ఎక్కువమందిలో కనిపిస్తుందన్నది నిజం. ఊరుకోవాలన్నది నిజం కాదు. కాన్పైన మూడు నెలలకు కూడా లీక్ ఆగకపోతే చూపించుకోండి. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ తగ్గి మూత్రనాళం చుట్టూ కణజాలం పలచబడుతుంది, దానికి పూతమందులున్నాయి. జారిన అవయవాలను నిలబెట్టడానికి యోనిలో అమర్చే పెసరీలు ఉన్నాయి. అందరికీ ఆపరేషనే దారి కాదు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మూత్రంలో రక్తం కనబడితే, నొప్పి లేకపోయినా సరే. జ్వరం, చలితో పాటు మంట, నడుం పక్కన నొప్పి ఉంటే. పొత్తికడుపు ఉబ్బి ఎంత ప్రయత్నించినా మూత్రం రాకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నడుం నొప్పితో పాటు సైకిల్ సీటు ఆనే చోట తిమ్మిరెక్కి, మూత్రం లేదా మలం పట్టు తప్పితే అర్ధరాత్రైనా అత్యవసర విభాగానికి వెళ్లండి. వెన్ను కింది నరాలు నలిగిపోతున్నాయని అర్థం, గంటలు ఆలస్యమైనా నష్టమే.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు నేనేం సిద్ధం చేసుకోవాలి?

ఒక కొలత జగ్గు, ఒక కాగితం, మూడు రోజులు. ఎప్పుడు ఏం తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత వచ్చింది, తొందర ఎంత, లీక్ అయిందా, అయితే ఏం చేస్తుండగా. అంతే. ఒక మనిషి ఉదయం ఎలా ఉంటుందో చూడండి. 6:30కి 420 మిల్లీలీటర్లు. 7:15కి 90, పక్కన ‘స్నానానికి ముందు’ అని రాసి ఉంది. 8:40కి 110, ‘బయల్దేరే ముందు’. 9:30కి 100, ‘ఆఫీసుకి రాగానే’. 11:00కి 130, ‘మీటింగ్ ముందు’. తొందర అనే గడిలో ఒక్కచోట కూడా టిక్కు లేదు.

ఈ కాగితం తెచ్చిన మనిషి తన మూత్రాశయం చిన్నదని చెబుతారు. మొదటి వరుసలోనే 420 ఉంది.